గంటా పావు ప్రయాణం అనుకుంటున్న అమ్మలుకి

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. "లండన్ నుంచి పారిస్ 344 కిలోమీటర్లే, ఫ్లైట్ గంటా పావు, పొద్దున టిఫిన్ తిని బయల్దేరితే పదిన్నరకల్లా అక్క దగ్గరుంటా" అన్నావు. ఆ 344 మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన గీత, తల్లీ. నువ్వు తిరిగేది ఆ గీత మీద కాదు.

హీత్రూ ఎయిర్‌పోర్టుకి ట్యూబ్‌లో, అదే లండన్ భూగర్భ రైల్లో, గంట. రెండు గంటల ముందే అక్కడుండాలి. దిగాక పాస్‌పోర్ట్ క్యూ. పారిస్ ఎయిర్‌పోర్టు చార్ల్స్ ద గాల్ నుంచి ఊళ్లోకి రైల్లో ఇంకో అరగంట పైనే. అన్నీ కలిపితే ఐదారు గంటలు. టికెట్ మీద టైము చూసి కూడా కంగారుపడకు. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుంది. అందుకే వెళ్లేటప్పుడు 9:00కి ఎక్కితే 11:20కి దిగినట్టు, వచ్చేటప్పుడు 6:00కి ఎక్కితే 6:20కే దిగినట్టు రాస్తారు. మొదటిసారి చూసి నేను ప్రింటు తప్పనుకున్నాను.

ఇంకోటి, ఏ ఎయిర్‌పోర్టో చూసుకో. డబ్లిన్‌లో ఉన్న రోజుల్లో చవగ్గా వచ్చిందని పారిస్‌కి టికెట్లు కొన్నాను. తీరా దిగింది బోవేలో. అక్కణ్ణుంచి పారిస్ 80 కిలోమీటర్ల పైమాటే! బస్సులో కూర్చున్నంతసేపూ మీ పెద్దమ్మ నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మన వైపు ల్యూటన్ ఎయిర్‌పోర్టు కూడా అంతే, పేరుకే లండన్.

నన్నడిగితే రైలెక్కు. లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో ఎక్కితే రెండుంబావు గంటల్లో నడి పారిస్‌లో, గార్ దు నార్ స్టేషన్లో దింపేస్తుంది. ఫ్రెంచి పోలీసులు లండన్ స్టేషన్లోనే పాస్‌పోర్ట్ చూసేస్తారు కాబట్టి అక్కడ దిగి నేరుగా బయటికి నడిచిపోవడమే. గంటన్నర ముందు చేరుకో చాలు. దారిలో సముద్రం కింద 1994లో తెరిచిన సొరంగం 50 కిలోమీటర్లు, ఓ ఇరవై నిమిషాలు చీకటి. చేపలు కనబడతాయని మీ తమ్ముడు కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాడు, పాపం. అయితే చివరి వారంలో కొంటే ఆ టికెట్ ధరకి గుండె గుభేలుమంటుంది.

అసలు ముందు వీసా సంగతి చూడు. నీది ఇండియన్ పాస్‌పోర్టు. యూకే స్టూడెంట్ వీసాతో ఫ్రాన్స్‌లోకి రానివ్వరు, ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. అది చేతికొచ్చేదాకా డబ్బు తిరిగిరాని టికెట్ జోలికి పోకు.

అక్కకి ఆవకాయ తీసుకెళ్తానన్నావు. ఫ్లైట్ అయితే చేతి బ్యాగులో పెట్టకు. నూనె తేలుతుంది కదా, ద్రవం కింద లెక్కేస్తారు. మా సీసా ఒకటి అలాగే సెక్యూరిటీ దగ్గర చెత్తబుట్టలో పడింది, మూత కూడా తియ్యలేదు. రైల్లో ఆ గొడవ లేదు. నెయ్యి మాత్రం ఎందులోనూ వద్దు. బ్రిటన్ నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి తేనివ్వరు. నెయ్యి అక్కడే కొనుక్కోమను.

వీసా రాగానే ఫోన్ చెయ్యి. ఇద్దరం కూర్చుని టికెట్ చూద్దాం.

మీ పెదనాన్న