మంచు ఎగజిమ్మే యంత్రం కొనాలా, పారతో సరిపెట్టుకోవాలా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి నిరుడు మినియాపొలిస్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. ఇంటి ముందు రెండు కార్లు పక్కపక్కన పట్టే తారు బాట వీధి వరకు 40 అడుగుల పొడవు ఉంది. దాని మీద పడిన మంచును చలికాలమంతా తనే పారతో ఎత్తిపోశాడు. వాడికి మొదటినుంచీ నడుము నొప్పి. 1,200 డాలర్లు పెట్టి స్నో బ్లోయర్ కొంటానంటే, ఏడాదికి పది పదిహేను రోజుల పనికి లక్ష రూపాయలు దండగ అని మావారు కోప్పడుతున్నారు. వచ్చే శీతాకాలం మేము అక్కడే ఉంటాం కనుక, పొలం గట్లు వేసిన చేతులకు అదొక లెక్కా, నేనే ఎత్తిపోస్తానంటున్నారు. ఆయనకు 68 ఏళ్ళు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: మన కోనసీమలో మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున కాలువ గట్ల మీద పరుచుకుని ఎండ పొడ తగలగానే విడిపోయేది కనుక, మీవారు దాన్ని తేలిగ్గా తీసుకోవడంలో వింత లేదు. మినియాపొలిస్‌లో ఏడాదికి సగటున 50 అంగుళాల మేర కురిసే మంచు పడినచోటే పేరుకుని, కార్ల చక్రాల కింద నలిగి రాయిలా గడ్డకడుతుంది. ఆయన రోజులు లెక్కవేశారు, నేను బరువు లెక్కవేస్తాను. బాట వెడల్పు 20 అడుగులు అనుకుంటే, 800 చదరపు అడుగుల మీద 6 అంగుళాల మంచు పడినప్పుడు, ఘనపు మీటరుకు 100 కిలోలు తూగే పొడి మంచయినా సరే, మొత్తం 1,100 కిలోలు దాటుతుంది. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు 15. తడి మంచయితే దానికి మూడింతలు కావచ్చు. పైగా బస్తాలా వీపున వేసుకునే వీలు లేదు, ప్రతి పారా నడుము వంచి ఎత్తి పక్కకు విసరాలి. ఆ నగరంలో మంచు ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందరి నడకదారిని యజమానే శుభ్రం చేయాలన్న నియమం ఉంది కనుక, ఆదివారం చూసుకుందామని ఊరుకోవడమూ కుదరదు.

కాబట్టి నా మాట కొనమనే. అయితే ఏది కొనాలన్నదే అసలు సంగతి. ఈ యంత్రాలలో ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో మెలితిరిగిన తెడ్డు ఒక్కటే నేలను రాసుకుంటూ తిరిగి, మంచును లాగి గొట్టం గుండా విసురుతుంది. ఇది తేలిక, చవక, చదునైన బాట మీద 6, 8 అంగుళాల లోపు మంచుకు చక్కగా సరిపోతుంది, కంకర బాటకు మాత్రం పనికిరాదు. రెండో రకంలో తెడ్డు లాక్కొచ్చిన మంచును, మన నీటి పంపులో ఉండేటటువంటి ఇంపెల్లర్ అందుకుని దూరంగా చిమ్ముతుంది. చక్రాలు కూడా ఇంజన్ బలంతోనే తిరుగుతాయి కనుక తోసే శ్రమ ఉండదు. మీ అబ్బాయి బాట తారుదే కనుక మొదటి రకం చాలునని చెప్పేవాణ్ణే. కానీ నగరపాలక సంస్థ బండి వీధిని ఊడ్చుకుంటూ పోయినప్పుడల్లా ప్రతి ఇంటి బాట మొదట్లో ఒక గట్టు వేసిపోతుంది, అడుగెత్తున గడ్డకట్టిన ఆ ముద్దల దగ్గర చిన్న యంత్రం మొరాయిస్తుంది. మా అమ్మాయి ఇంట రెండు శీతాకాలాలు గడిపిన నాకు, బాటంతా ఒక ఎత్తు, ఆ గట్టు ఒక్కటీ ఒక ఎత్తుగా కనిపించింది. నడుము నొప్పి ఉన్నవాడు కనుక 24 అంగుళాల వెడల్పుగల రెండో రకమే మేలు, అంతకు మించిన పెద్దది గారేజీలో చోటు తినడానికే.

బ్యాటరీ యంత్రాలకు చప్పుడూ పొగా తక్కువ, కానీ పెద్ద మంచు పడిన రోజున మధ్యలో ఛార్జి అయిపోవచ్చు. మనిషిని కుదుర్చుకుని ఎత్తించడమూ ఉంది. అయితే అందరికీ ఒకేసారి మంచు పడుతుంది కనుక, కోతల కాలంలో మనకు మిషన్ దొరకనట్టే అతడూ ఆఫీసు వేళకు రాకపోవచ్చు. పక్కింటివారితో కలిసి కొనే ఆలోచన ఉంటే ఇదే కారణంగా మానుకోమనండి.

పెట్రోలు యంత్రాన్ని మూసిన గారేజీలో స్టార్టు చేయకూడదు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. చలికాలం ముగిశాక ట్యాంకులో పెట్రోలు వదిలేస్తే జిగురు కట్టి కార్బొరేటరు పూడుకుంటుంది. వీటన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది, తడి మంచు గొట్టంలో ఇరుక్కున్నప్పుడు చేయి పెట్టవద్దని. ఇంజన్ ఆపాక కూడా బిగుసుకున్న తెడ్డు ఒక్కసారి గిర్రున తిరిగి వేళ్ళు తెంపగలదు. దానికోసం యంత్రంతోపాటు ఇచ్చే కర్రనే వాడాలి.

ఇక మీవారి సంగతి. గడ్డకట్టే చలిలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, అదే సమయంలో బరువు ఎత్తడంతో రక్తపోటు పెరిగి గుండె మీద భారం రెట్టింపవుతుంది. మంచు ఎత్తుతూ గుండెపోటుతో కూలిపోయినవారి వార్తలు అక్కడ ప్రతి శీతాకాలమూ వస్తాయి. గట్లు వేసిన చేతుల మీద నాకు గౌరవమే, కానీ అవి సున్నా కింద 15 డిగ్రీల చలిలో వేసిన గట్లు కావు. మెట్ల మీది పలుచని మంచును చీపురుతో ఊడ్చే పని ఆయనకు అప్పగించండి, పార మాత్రం అందనివ్వకండి.