“ఇంటికెళ్దామండీ” అంది, నేను తీసుకెళ్ళలేకపోయాను

గుంటూరు వైపు నుంచి 57 ఏళ్ళ ఒకాయన రాశారు. భార్యకి ఓవరీ క్యాన్సర్, ఏడాది పైన కీమోలు, చివర్లో పొట్టంతా పాకేసి ఆయాసం ఎక్కువైతే ఐసీయూలో వెంటిలేటర్ మీద పెట్టారు, 11 రోజులకి ఆమె పోయారు. ఇప్పటికి ఏడు నెలలు. ఐసీయూకి తీసుకెళ్ళే ముందు “ఇంటికెళ్దామండీ” అని అడిగితే ఈయన “కాస్త తగ్గగానే వెళ్దాం” అన్నారట. రోజుకి పది నిమిషాలు చూడనిచ్చేవాళ్ళు, గొట్టం పీక్కుంటుందని చేతులు గుడ్డపీలికలతో మంచానికి కట్టేశారట. ఇప్పుడు తెల్లారుజామున మూడింటికి మెలకువొచ్చేస్తుంది, మైక్రోవేవ్ బీప్ మంటే గుండె దడదడలాడుతుంది, ఆ హాస్పిటల్ ఉన్న రోడ్డు తప్పించి చుట్టూ తిరిగి వెళ్తున్నారు. “నేనే చంపుకున్నానేమో” అని రాశారు.

అన్నయ్యగారూ, ముందు ఒకటి సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. “తనతోపాటే పోయుంటే బాగుండేది” అన్నారు కదా, అది బాధలో వచ్చిన మాటేనా, లేక ఎలా పోవాలి అన్న ఆలోచన కూడా వస్తోందా? వదినగారికి నొప్పి తగ్గడానికి రాసిన మార్ఫిన్ మాత్రలు ఇంకా బీరువాలోనే ఉన్నాయని మీరే రాశారు, అందుకని అడుగుతున్నా. ఆ ఆలోచన వస్తుంటే ఇది చదవడం ఆపి ముందు మాత్రలు మీ అబ్బాయి చేతిలో పెట్టి, మీ పక్కనే ఉండమని చెప్పి, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, మీకు మెలకువొచ్చే మూడింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఆలోచన లేకపోయినా సరే ఆ మాత్రలు ఇంట్లో ఉండొద్దు, రాసిచ్చిన హాస్పిటల్లోనే అప్పజెప్పేయమనండి.

ఇంక ఆ మాత్రల సంగతే. అలవాటైపోతుంది, ప్రాణం తొందరగా పోతుంది అని ఎవరో అంటే భయపడి సగం సగం వేశానన్నారు. ఈ భయం మీ ఒక్కరిదే కాదండీ, మన దగ్గర క్యాన్సర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ చూస్తున్నా. డాక్టర్ చెప్పిన డోసులో వేస్తే మార్ఫిన్ ప్రాణం తియ్యదు, నొప్పి తీస్తుంది, ఆ ముక్క మాత్రలు చేతికిచ్చిన రోజే మిమ్మల్ని కూర్చోబెట్టి ఎవరైనా చెప్పాల్సింది, చెప్పలేదు. మీరు వేసింది సగమే, నిజమే, కానీ ఆవిణ్ణి కాపాడుకుంటున్నా అనుకునే కదా సగం వేశారు.

మీకొచ్చింది ఉత్త దుఃఖం కాదని నాకనిపిస్తోంది. మెలకువ, బీప్‌కి దడ, రోడ్డు తప్పించుకోవడం, ఇవి పెద్ద యాక్సిడెంట్ కళ్ళారా చూసినవాళ్ళలో కనపడేవి, పీటీఎస్‌డీ అంటారు. అమెరికాలో 342 మంది క్యాన్సర్ పేషెంట్లనీ, వాళ్ళని దగ్గరుండి చూసుకున్నవాళ్ళనీ గమనించి 2010లో ఒక పరిశోధన పేపర్ వేశారు. మనిషి ఐసీయూలో పోతే చూసుకున్నవాళ్ళలో వందకి 21 మందికి ఇది వచ్చింది, ఇంట్లోనే నొప్పి తగ్గించే సాయంతో పోతే వందకి 4 చిల్లర. ఐసీయూ ఒక్కదానివల్లే అని తేల్చి చెప్పలేంగానీ, ఇది గుండె నిబ్బరం లేకపోవడం కాదు అనడానికి మాత్రం చాలు.

అయితే ఇంటికి తెచ్చేసుంటే సరిపోయేది కదా అని దీన్ని మళ్ళీ మీ మీదకే లాక్కోకండి. రాత్రి ఒంటిగంటకి వరండాలో నిలబెట్టి వెంటిలేటర్‌కి ఒప్పుకుంటున్నట్టు పేపరిచ్చి “ట్రై చేద్దాం” అంటే ఏ భర్తయినా సంతకం పెడతాడు. ఇంక రోజుల్లోనే ఉంది, ఇంటికి తీసుకెళ్తే నొప్పి లేకుండా ఇలా చూసుకోవచ్చు, ఆవిడకేం కావాలో అడుగుదాం అని నెల ముందే ఎవరో ఒక డాక్టరు మీతో కూర్చుని మాట్లాడాలి, ఆ మాట మొదలుపెట్టడం వాళ్ళ పని. మనవైపేమో పేషెంట్‌కి చెప్తే ధైర్యం పోతుందని బంధువులే నోరు నొక్కేస్తారు. ఇంటికెళ్దామని ఆవిడ అడిగింది, మీరు తీసుకెళ్ళలేకపోయారు, ఆ బాధ నిజం, లేదని నేననను. కానీ బాధ వేరు, తప్పు వేరు.

ఈ వారంలో గుంటూరు జనరల్ హాస్పిటల్ సైకియాట్రీ ఓపీకి గానీ మీకు దగ్గర్లో ఉన్న సైకియాట్రిస్ట్ దగ్గరికి గానీ వెళ్ళండి, నిద్రమాత్ర రాయించుకుని వచ్చేయడం కాదు, ఆ 11 రోజుల గురించి నోరు విప్పి చెప్పండి, బీప్ సంగతి, చేతులు కట్టిన సంగతి. దీనికి పనిచేసే థెరపీ ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. దుఃఖం ఎన్నాళ్ళుంటే జబ్బు అని కూడా అడిగారు. డబ్ల్యూహెచ్‌ఓ కనీసం ఆరు నెలలంటుంది, అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2022లో ఏడాది అని పెట్టింది, నన్నడిగితే క్యాలెండర్ కన్నా మీరు అన్నం తింటున్నారా, పనికెళ్ళగలుగుతున్నారా అన్నది ముఖ్యం. సంవత్సరీకం లోపు మామూలు మనిషివైపో అనే చుట్టాల మాట పట్టించుకోవద్దు.

ఇంకొకటి. వెంటిలేటర్ పెట్టించమని పట్టుబట్టింది మీ అబ్బాయి అని రాశారు, అప్పట్నించీ ఇద్దరూ ఆ ఊసెత్తలేదని కూడా. ఆ అబ్బాయికీ మూడింటికి మెలకువొస్తోందేమో. మాత్రలు తన చేతికిచ్చేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని “నాకు ఇలా అవుతోందిరా, నీకూ అవుతోందా” అని ఆ ఒక్క ముక్క అడగండి. అడిగాక ఏమన్నాడో నాకు రాయండి.