పాత అంబాసిడర్ కొనేముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

1971 నాటి అంబాసిడర్ మార్క్ 2 అమ్మకానికి వచ్చిందనీ, రంగు అద్దంలా మెరుస్తోందనీ రాశావు. ఆ మెరుపు చూసి బయానా మాత్రం ఇవ్వకు. ముందు రంగు కింది రేకు ఎలా ఉందో తెలియాలి.

అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. బరువంతా బాడీయే మోస్తుంది. అందుకే తలుపుల కింది అంచులు, కాళ్ల కింది రేకులు, డిక్కీ అడుగుభాగం, ముందు టోర్షన్ బార్లు (స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీలు) బిగించిన చోటు తుప్పు పట్టాయంటే బండి బలమే పోయినట్టు. అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి రేకు మీద మెల్లగా జరుపు. పట్టు సడలిన చోట పుట్టీ దట్టంగా పూశారని అర్థం. తివాచీలు ఎత్తించు, వద్దంటే వచ్చెయ్. జాకీ పెట్టి ఒక పక్క ఎత్తించి తలుపులు తెరిచి మూసి చూడు. నేల మీద సాఫీగా పడిన తలుపు పైకెత్తాక బిగుసుకుంటే బాడీ వంగుతోందన్నమాట. అలాంటి బండి ఎంత చవకగా ఇచ్చినా వద్దు. టింకరింగ్ ఖర్చుకు అంతు ఉండదు.

ఇంజిన్ గురించి అంత దిగులు అక్కర్లేదు. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ ఈ కారును 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో మొదలుపెట్టింది. 2014 దాకా తయారు చేసింది. ఇన్ని దశాబ్దాలు రోడ్డు మీద తిరిగింది కాబట్టి 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ విప్పి బిగించగల మేస్త్రీలు ఇంకా ఉన్నారు, సామాన్లూ దొరుకుతాయి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు నీ ఎదుటే స్టార్ట్ చేయించు. నువ్వు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే మరోరోజు వెళ్లు. పొగ నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది. రింగులో, వాల్వు గైడ్లో అరిగి ఉంటాయి. అది బేరంలో తగ్గించుకోవలసిన ఖర్చు, అంతే.

ఇంజిన్ నంబరు, బండి గుర్తింపుకు వాడే చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. టాక్సీలుగా తిరిగిన చాలా అంబాసిడర్లకు మధ్యలో డీజిల్ ఇంజిన్లు వేయించారు. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ (పాతకాలపు బండి) నమోదు ఇస్తారు. దానికి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. అయితే అలా నమోదైన కారును రోడ్డు మీద రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు. నీకు ఆఫీసుకు నడుపుకోవాలని ఉంది కదా, మామూలు రిజిస్ట్రేషన్‌నే ఫిట్‌నెస్ పరీక్షతో పొడిగించుకో. నా ఓటు దానికే. కదలకుండా నిలబెట్టిన కారులో బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి.

పెట్రోలు విషయంలో జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలను, పంపులోని డయాఫ్రంను (పలుచని రబ్బరు పొరను) అది ఉబ్బించి పాడుచేస్తుంది. తేమను లాగి ట్యాంకుకు తుప్పు పట్టిస్తుంది. కొన్న వారంలోనే ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. అంతకుముందు తయారైన ఈ ఇంజిన్ ఇనుప హెడ్‌లో (పైభాగంలో) పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వులు ఆనే సీట్లు సీసం రక్షణ లేక త్వరగా అరుగుతాయి. ఎప్పుడైనా హెడ్ విప్పిస్తే గట్టి సీట్లు వేయించమని మేస్త్రీకి చెప్పు. ముందు చక్రాల దగ్గరి నిపుల్స్‌లో (గ్రీజు ఎక్కించే చిన్న మొనల్లో) గ్రీజు కొట్టించడం మరవకు. బ్రేకులు నాలుగూ పాతకాలపు డ్రమ్ములే, ఇప్పటి కార్లలా చటుక్కున ఆగదు కాబట్టి ముందు బండికి ఎప్పుడూ దూరం ఉంచు.

వేగం ముచ్చట కూడా రాశావు. వయసులో ఉన్నప్పుడు నేను నెల్లూరు నుంచి రైల్లో వెళ్లి షోలవరం పందేలు చూసేవాణ్ని. మద్రాసుకు ఉత్తరాన, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ పందేలు నడిపింది. ఫియట్, హెరాల్డ్ కార్లు సీట్లు పీకి బరువు తగ్గించుకుని, సైలెన్సర్ల మోతతో మలుపులు తిరుగుతుంటే ఎండ కూడా తెలిసేది కాదు. 1990లో శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చాక పందేలు అక్కడికి మారాయి. వెళ్లి చూడు, తనివితీరా చూడు. కానీ ఆ మార్పులు నీ అంబాసిడర్‌కు చేయించకు. స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ, ఒకే పొడవాటి ముందు సీటు, వాటిని తీసేశాక మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం.

బయానా ఇచ్చేలోపు ఆర్‌సీ రెండు వైపులా, ఇంజిన్ నంబరు పలకా ఫొటో తీసి పంపు. ఆదివారం అయస్కాంతం, టార్చి లైటు, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి తెచ్చుకో. నేనూ వస్తాను, అడుగుభాగం ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య