స్ఫటికీకరణమా, స్ఫటికీభవనమా?

సందేహం: జీవవిచ్ఛిన్న పాలిమర్ల (సూక్ష్మజీవులు కుళ్లబెట్టగల ప్లాస్టిక్‌ల) సమ్మేళనాల మీద వ్యాసం రాస్తున్నాను. అందులో "పాలీలాక్టిక్ ఆమ్లం (పీఎల్ఏ), పాలీకాప్రోలాక్టోన్ (పీసీఎల్) రెండూ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతాయి, చల్లారితే స్ఫటికీకరణం చెందుతాయి" అని రాశాను. 'స్ఫటికీభవనం' అనాలని ఒక మిత్రుడు అంటున్నాడు. ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడి మాట సబబే. ఇలాంటి సంస్కృత పదాల్లో చివర 'కరణం' వస్తే ఒకరు పూనుకుని అలా చేయడం, 'భవనం' వస్తే తనంతట తాను అలా అవడం. వాయువును ఒత్తిడి పెట్టి ద్రవంగా మారిస్తే ద్రవీకరణం. మంచు నీరైతే ద్రవీభవనం. అలాగే మలినాలు పోగొట్టడానికి ద్రావణం నుంచి స్ఫటికాలు రాబట్టే పని స్ఫటికీకరణం. చల్లారుతున్న పాలిమర్‌లో గొలుసుల్లాంటి పొడవాటి అణువులు వాటంతటవే వరసగా సర్దుకోవడం స్ఫటికీభవనం. అయితే స్ఫటికీకరణం రెండర్థాల్లోనూ వాడుకలో పాతుకుపోయింది కాబట్టి దాన్ని తప్పని కొట్టేయను. 'స్ఫటికీకరణం చెందు' మాత్రం నాకు ఎబ్బెట్టుగా వినిపిస్తుంది, కరణానికి 'చేయు' పొసగుతుంది కానీ 'చెందు' పొసగదు. 'స్ఫటికాలు ఏర్పడతాయి' అంటే ఏ గొడవా లేదు. 'స్పటికం' అని రాయకుండా 'ఫ' ఒత్తు నిలిపినందుకు సంతోషం. మనం రోజూ అనే 'పటిక' ఈ మాటకు తద్భవమే.

నన్ను ఎక్కువగా ఆపింది మీరు అడగని మాట, 'కరుగుతాయి'. 60 డిగ్రీల దగ్గర నిజంగా కరిగేది పీసీఎల్ ఒక్కటే. పీఎల్ఏ అక్కడ మెత్తబడుతుంది, అంతే. గాజులా బిగుసుకుని ఉన్నది కాస్త సాగే గుణం తెచ్చుకుంటుంది. దాని స్ఫటికాలు కరగాలంటే సుమారు 150 నుంచి 180 డిగ్రీలు కావాలి. పల్చటి పీఎల్ఏ కప్పులో మరిగే నీళ్లు పోసి చూడండి: వంకర తిరిగిపోతుంది గానీ కరిగి కారదు. ఈ రెంటి మిశ్రమాన్ని డీఎస్‌సీలో, అంటే వేడెక్కుతున్న పదార్థం ఎంత వేడి పీల్చుకుంటోందో గీతగా గీసి చూపే పరికరంలో, వేడిచేస్తే మెత్తబడడం ఆ గీతలో చిన్న మెట్టులా, కరగడం శిఖరంలా కనిపిస్తుంది. ఇక్కడ పీఎల్ఏ మెట్టు సరిగ్గా పీసీఎల్ శిఖరం కింద పడి దాగిపోతుంది. గీతలోనే కనపడని తేడాను వాక్యంలోనైనా నిలపాలి కదా! అందుకే 'పీసీఎల్ కరుగుతుంది, పీఎల్ఏ మెత్తబడుతుంది' అని విడదీసి రాయండి.

వ్యాసంలో ముందుకు వెళితే మీకు 'శీతల స్ఫటికీకరణం' ఎదురవుతుంది. గబుక్కున చల్లార్చిన పీఎల్ఏను మళ్లీ వేడిచేస్తే 100 డిగ్రీలకు అటూ ఇటూగా స్ఫటికాలు ఏర్పడతాయి, దానికి పెట్టిన పేరిది. 'శీతల' అంటే చదివేవాళ్లు చల్లార్చేటప్పుడు జరిగిందనుకుంటారు. 'వేడెక్కేటప్పటి స్ఫటికీభవనం' అనడం మేలు.

'సమ్మేళనం' కూడా మార్చండి. రసాయనశాస్త్రంలో ఆ మాట మూలకాలు రసాయనికంగా కలిసి ఏర్పడిన పదార్థానికి వాడుతున్నాం. మీ పాలిమర్లకు 'మిశ్రమం' సరిపోతుంది. పీఎల్ఏ, పీసీఎల్‌లను మనం కలుపుతాం గానీ అవి కలిసిపోవు. ఒకదానిలో మరొకటి చిన్న చిన్న బొట్లుగా విడిగానే ఉండిపోతుంది.