అచ్చుకు పంపే ముందు

చి. లావణ్యకు మావయ్య ఆశీస్సులు.

నీ కథల పుస్తకం ప్రింట్ ఆన్ డిమాండ్‌లో వేస్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. వచ్చే వారమే అప్‌లోడ్ చేసేస్తున్నావని కూడా అంది. అప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్.

డబ్బు గురించి బెంగ లేదు. ఆఫ్‌సెట్ అచ్చులో ప్లేట్లకీ మెషీన్ సిద్ధం చేయడానికీ అయ్యే ఖర్చు ఎన్ని కాపీలు వేసినా తప్పదు కాబట్టి, మా రోజుల్లో 1000 కాపీలు వేయించి ఇంట్లో పేర్చుకునేవాళ్లం. ఇప్పుడు ఆర్డరు వచ్చాక ఒక్క కాపీ అయినా తీసిస్తారు. కాకపోతే కాపీకి ఖర్చు ఎక్కువ. అదీ, సైటు కమీషనూ పోగా ఏం మిగులుతుందో చూసుకుని ధర పెట్టు. పుస్తకం వేసిపెట్టే కంపెనీలు ప్యాకేజీలంటూ వేలకు వేలు అడిగితే ఇవ్వకు. ఐఎస్‌బీఎన్, అదే పుస్తకం గుర్తింపు సంఖ్య, ప్రభుత్వ రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, నీ పేరు మీదే తీసుకో. నువ్వే ప్రచురణకర్తవైతే 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కో కాపీ పంపాలి, మరచిపోకు.

నా భయమంతా ప్రూఫుల గురించే, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దుకునే నమూనా ప్రతుల గురించే.

మీ తాతయ్య తన పుస్తకం ఉగాదికి రావాలని పట్టుబట్టి, ఆఖరి ప్రూఫు చూడకుండానే "కానివ్వండి" అనేశారు. అప్పట్లో అక్షరాలు చేత్తో కూర్చేవాళ్లు. ఏదో తప్పు దిద్దబోతే చివరి కథలో ఆఖరి వాక్యం ఎగిరిపోయింది. కొడుకు ఇన్నేళ్లూ ఉత్తరం ఎందుకు రాయలేదో తెలిసేది ఆ వాక్యంలోనే. దాన్ని చీటీల మీద అచ్చేయించారు. మీ అమ్మమ్మ మైదా ఉడికించి ఇస్తే, నేనూ మీ అమ్మా వరండాలో కూర్చుని పుస్తకం పుస్తకానికీ అతికించాం. కానీ పత్రికలకు పంపినవి అప్పటికే వెళ్లిపోయాయి. ఒక సమీక్షలో "చివరి కథ అర్ధాంతరంగా ఆగింది" అని రాశారు. తాతయ్య రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ తర్వాత ఎవరింట్లో తన పుస్తకం కనిపించినా, చీటీ ఉందో లేదోనని ముందు చివరి పేజీ తిప్పేవారు.

"తప్పుంటే రేపే ఫైలు మార్చొచ్చు మావయ్యా" అంటావు. నిజమే, తాతయ్యకు ఆ అదృష్టం దొరకలేదు. కానీ ఇవాళ కొన్నవాళ్ల చేతిలోని కాపీ మారదు కదమ్మా! పైగా అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో కంప్యూటర్ మీద చేయించిన డీటీపీని, ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్‌లోకి మార్పించావట. అందులో ఒత్తులు చెదిరిపోతుంటాయి. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో లేదో, అంటే ఫైల్లోనే ఇమిడి ఉన్నాయో లేదో చూసుకో. ముందు ఒక్క కాపీ తెప్పించి పైకి చదువు. నీ కథ నీకు కంఠస్థం కాబట్టి, లేని మాటనూ ఉన్నట్టే చదివేస్తావు. అందుకే ఆ కాపీ నాకు పంపు. పొద్దుటి వెలుతురులో కాసేపు చదవగలను, వారం పట్టినా విసుక్కోకు.

అప్పటిదాకా రిలీజ్ డేటు ఎవరికీ చెప్పకు. రాత్రిళ్లు మేలుకుని దిద్దుకోకు, వేళకు తిను. పుస్తకం వచ్చాక నాకు ఊరికే ఇవ్వొద్దు, నేను కొనుక్కుంటాను.

మీ మావయ్య