షికాగో వెళ్తున్న మేనకోడలికి

చి. శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

నీకు షికాగోలో సీటు వచ్చిందని మీ అమ్మ ఫోను చేసినప్పుడు పొలం గట్టు మీద ఉన్నాను. ఎవరైనా కనిపిస్తే చెప్పుకుందామని చుట్టూ చూశాను. మన ఇంట్లో మొదట విమానం ఎక్కింది నేనే, దుబాయిలో తాపీపనికి. చదువు కోసం ఎక్కుతున్నది నువ్వే మొదలు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. నువ్వు పంపిన టికెట్ల వివరాలు చూశాక బెంగతో పట్టడం లేదు.

పాస్‌పోర్టు, కాలేజీ కాగితాలు చేతిసంచిలో, పచ్చళ్లు పెద్ద పెట్టెలో పెట్టుకో. మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ సుమారు 80 కిలోమీటర్లే అయినా నాలుగు గంటల ముందే అక్కడ ఉండు. ఇవన్నీ నీకు తెలిసినవే.

"దుబాయికి రెండున్నర గంటలు, అక్కడి నుంచి షికాగోకు ఆరే" అన్నావు. కాదు బిడ్డా. బయలుదేరే సమయం బయలుదేరే ఊరి గడియారానిది, దిగే సమయం దిగే ఊరి గడియారానిది. దుబాయి మనకంటే గంటన్నర వెనక, కాబట్టి నాలుగు గంటలు కూర్చోవాలి. ఆగస్టులో షికాగో దుబాయి కంటే తొమ్మిది గంటలు వెనక. ఆ ఆరు గంటలు నిజానికి పదిహేను. మొత్తం దారి 14 వేల కిలోమీటర్ల పైమాటే.

1996లో మీ తాతయ్య పోయారని కబురు వచ్చింది. తోటి పనివాళ్లు చందాలు వేసుకుని టికెట్లు కొనిచ్చారు. బొంబాయి దాకా ఒకటి, అక్కడి నుంచి బేగంపేటకు వేరే ఒకటి. బొంబాయిలో సామాను తీసుకుని బయటికి వచ్చేసరికి నా గడియారంలో నాలుగున్నర. హైదరాబాదు విమానం ఆరున్నరకు. ఇంకా రెండు గంటలుందని మొహం కడుక్కున్నాను, టీ తాగాను. దేశీయ విమానాలు వేరే చోటి నుంచి ఎగురుతాయని అడిగాకే తెలిసింది. అక్కడికి చేరేసరికి విమానం వెళ్లిపోయిందన్నారు. కౌంటరులోని అమ్మాయికి నా చెయ్యి చాపి చూపించాను, ఐదున్నర. ఆమె మాట్లాడకుండా గోడ గడియారం వైపు చూపింది. ఏడు. నా ముళ్లు ఇంకా దుబాయిలోనే ఉన్నాయి.

రైల్లో వచ్చి ఊరు చేరేసరికి చితి ఆరిపోయింది. మీ అమ్మ నా మణికట్టు పట్టుకుని, "అన్నా, ఇంత సేపా" అంది. నేను జవాబు చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు.

నాలుగు వేలు మిగులుతాయని రెండు టికెట్లు విడివిడిగా కొంటావా? బుద్ధి ఉందా నీకు? ఒకే టికెట్టయితే మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి దానిలో ఎక్కించే బాధ్యత వాళ్లది. విడిగా కొంటే నష్టమంతా నీదే. మధ్యలో మూడు గంటలైనా ఉండేది చూడు. ఆ నాలుగు వేలు నేనిస్తాను తల్లీ.

నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మీ అమ్మకు ముందే చెప్పు, నీ ఫోను గంట ఆలస్యమైతే తల్లడిల్లిపోతుంది. మా వంటింట్లో షికాగో సమయానికి ఒక గడియారం తగిలించాను. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అందులో పొద్దున పది.

శనివారం వస్తున్నాను. నేను వచ్చాకే టికెట్టు కొను.

మీ మామయ్య