గని రాకముందే బావి కొలుచుకో

తాడిపత్రి

అల్లుడూ,

మీ యర్రగుంట్ల వైపు సున్నపురాయి గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారనీ, కుర్రాళ్లంతా నల్లజెండాలు కుట్టిస్తున్నారనీ అక్క ఫోన్లో చెప్పింది. పట్టుకోండి, వద్దనను. ఆ రోజు చేతిలో ఒక నోటుబుక్కు కూడా ఉండాలి.

నాకు గనుల మీద కోపం లేదు. ముప్పై ఏళ్లు నాపరాళ్ల క్వారీలో మేస్త్రీగా చేసే పిల్లల్ని చదివించుకున్నా. అయితే మా చేను పక్క గుంత లోతుకు దిగాక మా బావి ఎండింది. అడగబోతే, "ముందు ఎన్ని అడుగుల్లో ఉండేవి నీళ్లు? కాగితం ఏదీ?" అన్నారు. నోటిమాట తప్ప నా దగ్గర ఏముంది? గుంత నీటిమట్టం దాటితే నీళ్లు తోడకుండా రాయి తీయలేరు. చుట్టుపక్కల బావుల్లో నీళ్లు అటే జారతాయి.

అందుకే ఈ వారమే మొదలుపెట్టు. తాడుకు రాయి కట్టి బావిలోకి వదులు. గట్టు అంచు దగ్గర ముడేసి, పైకి లాగి, ముడి నుంచి తడి మొదలైన చోటి దాకా టేపుతో కొలువు. బోరైతే బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో, ఎంతసేపటికి నీళ్లు తెగాయో రాయి. మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి. తేదీ వేసి పక్క రైతులతో, వీఆర్వోతో సంతకాలు పెట్టించు. ఆయన ఒకపట్టాన పెట్టడు, విడవొద్దు. పేలుళ్లు మొదలుకాకముందే ఇంటి గోడలు కూడా ఫోటోలు తీసి పెట్టుకో.

గనుల్లాంటి వాటికి పర్యావరణ అనుమతి గురించి కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గని వల్ల ఏమేం దెబ్బతింటాయో చెప్పే పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీలో దొరకాలి. అందులో ముందు నీళ్ల పేజీ చదువు. గుంత ఎంత లోతు, తోడిన నీళ్లు ఏ వంకలోకి వదుల్తారు, పైమన్ను ఎక్కడ పోస్తారు, రోజుకు ఎన్ని లారీలు ఊళ్లోంచి పోతాయి, ఇవే అడగండి. అడిగింది రాసిచ్చి రసీదు తీసుకోండి. చివర్లో అధికారులు ఆ రోజు రాసుకున్నదాని సారాంశం తెలుగులో చదివి వినిపించాలి. సగం మంది అప్పటికే బిర్యానీ పొట్లాల దగ్గరుంటారు. మీరు మాత్రం కదలొద్దు.

2015 నుంచి గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం జిల్లా ఖనిజ నిధి ఉంది. వేలంలో తీసుకున్న గనైతే, తీసిన రాయికి ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి తోడు ఆ రాయల్టీలో 10 శాతం ఈ నిధికి కట్టాలి. దానితో తాగునీళ్లు అడగండి. సిమెంటు రోడ్డు ఎలాగూ వాళ్లే వేయించుకుంటారు, లారీలు వాళ్లవే కదా.

టేపు కొనకు. క్వారీలో వాడిన నూరడుగుల టేపు నా దగ్గరుంది, మొదటి రెండు అంగుళాలు చిరిగింది, అవి తీసేసి లెక్కేసుకో. ఆదివారం బస్సుకు పంపిస్తా.

మీ మామ